చిన్నతాత మీద ప్రమాణం

షెరిఫె కుడిచేతిలో చిటికెనవేలు, ఉంగరపువేలు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉంటాయి. ఆ చెయ్యి చూస్తే చాలు, మెందెరెస్ లోయలో ఏ ఊరివాడైనా చెప్పేస్తాడు, ఇది చిన్నతాత మీద అబద్ధపు ప్రమాణం చేసిన ఆడది అని. చెప్పి ఊరుకోడు, తన పెళ్ళాన్ని మోచేత్తో పొడిచి మరీ చూపిస్తాడు.

మిగిలిన వేళ్ళతోనే ఆమె తవ్వకాల్లో బయటపడిన కుండపెంకులు కడిగేది. ప్లాస్టిక్ తొట్లో నీళ్ళు, పక్కన మట్టిపట్టిన పెంకుల గంపలు, చేతిలో పళ్ళు తోముకునే బ్రష్షు. పాతూరి ఇళ్ళ కింద రోమన్ల కాలం నాటి పట్నం ఒకటుందని ఊళ్ళో అందరికీ పుట్టుకతోనే తెలుసు. ఆ పట్నం రాళ్ళతోనే ఇళ్ళు కట్టుకున్నారు, ఆ పట్నం స్తంభాలకే గొర్రెల్ని కట్టేశారు. సర్కారుకు మాత్రం ఈమధ్యే తెలిసినట్టుంది. జనాన్ని కొండ కిందికి దింపి, కొత్తూరని పేరుపెట్టి, పెట్టెల్లాంటి సిమెంటు ఇళ్ళల్లో పడేసింది. తరవాత ఇజ్మీర్ నుంచి పాత పట్నాలు తవ్వే చదువు చదివిన ముఅల్లా గారనే ఆవిడ వచ్చి పాతూరిని పొరలు పొరలుగా విప్పడం మొదలుపెట్టారు.

బండిచక్రాలు కోసిన చాళ్ళతో రాతివీధి బయటపడింది. దానికి అటూ ఇటూ అంగళ్ళు, ఒక అంగట్లో ఇంకా మసి వదలని రొట్టెల పొయ్యి. నీళ్ళొచ్చే మట్టిగొట్టాలు, జూదగాళ్ళు మెట్ల మీద గీసుకున్న గళ్ళు. వీధి మలుపులో పొడవాటి రాతిబల్ల, బల్లకు వరసగా బెజ్జాలు. అది ఊరుమ్మడి మరుగుదొడ్డి అని తెలిసిన రోజున పెంకులు కడిగే ఆడవాళ్ళు నవ్వలేక చచ్చారు.

"మధ్యలో గోడైనా లేదు కదే! ఇంతమంది పక్కపక్కన కూచుని ఏం మాట్లాడుకునేవాళ్ళో!"

"ఇంకేం మాట్లాడతారు? కోడళ్ళ గురించే."

అందరూ నవ్వి, ఆ నవ్వు మధ్యలో షెరిఫె వైపు చూసి, ఆపేశారు. కోడలి మాట వచ్చినప్పుడల్లా అంతే. ఆమె మాత్రం తల ఎత్తకుండా పెంకు తోముతూనే ఉండేది.

ఆరేళ్ళ కిందటి సంగతి. అప్పటికి ఆమె జాఫర్ భార్య, చిన్నతాత అని లోయంతా మొక్కే పుణ్యపురుషుడి సమాధిని కనిపెట్టుకుని మొక్కులు అందుకునే ముజావరు హసీబె కోడలు. పొగాకు కొనే కంపెనీ గుమాస్తా ఒకడు పందిరి దగ్గరికి వచ్చి నీళ్ళడిగితే ఇచ్చింది. వాడేదో తమాషా మాట అన్నాడు, ఈమె నవ్వింది. జరిగింది అంతే. కానీ ఆ నవ్వును తోటికోడలు చూసింది. ఆ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దు గూకేసరికి నీళ్ళు ఇచ్చినదల్లా ఒళ్ళు ఇచ్చినదైంది.

అత్త గొడవపడలేదు, అరవలేదు. "పద, తాత మీద చెయ్యి పెట్టు" అంది.

ఆ లోయలో కోర్టుకు పోయేవాడు తెలివితక్కువవాడి కింద లెక్క. పొలంగట్టు తగువైనా, మేక మాయమైనా, ఆడదాని మీద అనుమానమైనా చిన్నతాత దగ్గరే తేలుతుంది. సమాధి మీది పచ్చగుడ్డ తొలగించి, కింద ఉన్న పాలరాతి మీద కుడిచెయ్యి ఆనించి మాట చెప్పాలి. నలభై రోజులు చూస్తారు. ఆలోగా ఆ చేతికి ఏమీ కాకపోతే నిజం, అయితే అబద్ధం. తాత సమాధి మరీ పొట్టిగా, ఉయ్యాల తొట్టంత ఉంటుంది. ఉపవాసాలతో చిక్కి చిక్కి అంతైపోయాడని హసీబె చెప్పేది. ఇంత మనిషి అంతెలా అవుతాడని అడిగినవాడు ఒక్కడూ లేడు.

వాడికి నీళ్ళు తప్ప ఇంకేమీ ఇవ్వలేదని షెరిఫె ప్రమాణం చేసింది. అవి పొగాకు దండలు గుచ్చే రోజులు. ప్రమాణం చేసిన చెయ్యి కదా, కాస్త జాగ్రత్తగా ఉండనిద్దామని అత్త అనుకోలేదు. తెల్లవారకముందే లేపి ఆకులు ముందు పోసేది. నలభై రోజులు నిండకముందే ఒకరోజు నిద్రమత్తులో మూరెడు సూది అరచేతిలోకి దిగిపోయింది. చీము పట్టింది, జ్వరం వచ్చింది, వాపు దిగేసరికి రెండు వేళ్ళు ముడుచుకుపోయాయి. హసీబె ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, సంతలో దూడను నడిపించినట్టు నడిపించి, కాఫీకొట్టు గుమ్మంలో మగవాళ్ళందరికీ చూపించింది. జాఫర్ అక్కడే మూడుసార్లు తలాఖ్ అనేశాడు. మూడేళ్ళ కూతురు నెర్గిస్‌ను తల్లి చంకలోంచి తోటికోడలే లాగేసింది.

సూది గుచ్చుకుందని షెరిఫెకు తెలుసు. గుచ్చుకున్నది తనకే కదా. అయినా అన్న ఇంట్లో ఒక మూల పడుకుని ఆలోచించి ఆలోచించి, ఒక్కోసారి, ఆ గుమాస్తా మాటకు నవ్విన మాట నిజమే కదా, తాత ఆ నవ్వును కూడా పట్టుకున్నాడేమో అనుకునేది. మనిషికి తన మీద తనకే అనుమానం పుట్టించడం కన్నా పెద్ద శిక్ష ఏ కోర్టూ వెయ్యలేదు.

పెంకులు కడిగే పనిలో ఆమె చేరింది కూలి కోసం కాదు. ఆ తొట్టి దగ్గర నుంచి కొత్తూరి బడి కనిపిస్తుంది. ఎర్రటి తలగుడ్డ కట్టుకున్న తొమ్మిదేళ్ళ పిల్ల సంచీ ఊపుకుంటూ పోవడం కనిపిస్తుంది. ఒకసారి దారిలో అడ్డం నిలబడి "నెర్గిస్" అని పిలిచింది. పిల్ల మొహం చూడలేదు, చెయ్యి చూసింది. చూసి పరుగెత్తింది.

ఊరంతా దిగిపోయినా పాతూర్లో చిన్నతాత సమాధి ఒక్కటి మిగిలింది. రాతివీధి నేరుగా దాని కిందికి పోతోంది. తాతను ముట్టుకుంటే తలలు లేచిపోతాయని ఊరిపెద్ద దుర్సున్ కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ముఅల్లా గారు చేతులు ముడుచుకుని కూర్చున్నారు.

ఆ సమయంలోనే షెరిఫె ఒక మధ్యాహ్నం ఆమె గుడారంలోకి వెళ్ళింది. "అమ్మగారూ, తాత పచ్చగుడ్డ కింద రాయుంది. దాని మీద రాతుంది. మా అక్షరాలు కావు. మీ పెంకుల మీద ఉంటాయే, అవి."

ముఅల్లా గారు మర్నాడే నలుగురినీ బతిమాలి గుడ్డ ఎత్తి చూశారు. పైవరస ఒక్కటే కనిపించింది, మిగతాది మట్టిలో ఉంది.

"ఏముందమ్మగారూ?" అంది షెరిఫె, ఎవరూ లేకుండా చూసి.

"రోమన్ల కాలం నాటి సమాధిరాయి. ఒక పేరుంది. మిగతాది తవ్వితేగాని తెలీదు."

"మగపేరా? ఆడపేరా?"

"ఆడపేరులాగే ఉంది. ఏం?"

"ఏం లేదు" అంది షెరిఫె. బయటికి వచ్చి తొట్టి ముందు కూచుంది. తాత తాత కాదు! ఎవరో రోమన్ల ఆడది! దేవుడి పేరైనా సరిగ్గా తెలియనిదాని మీద తనచేత ఒట్టు పెట్టించి, తన బిడ్డను గుంజుకున్నారు! ఇది ఊరందరి ముందూ తేలితే నెర్గిస్ తన దగ్గరికి వచ్చి తీరుతుంది. ఆ ఒక్క ఆశను ఆమె కోడిపెట్ట గుడ్డును పొదిగినట్టు పొదుగుతూ కూచుంది.

చివరికి ఊరివాళ్ళే దారికొచ్చారు. ముఅల్లా గారు మంచిమాటలతో ఒప్పించారు: తాతను మీరే మోసుకుపోయి కొత్తూర్లో పెద్ద దర్గా కట్టుకోండి, రాయి మాకు వదిలెయ్యండి. కొత్త దర్గా అంటే కొత్త మొక్కులు, చుట్టుపక్కల ఊళ్ళ జనం, ముజావరుగా హసీబె గారి దశ తిరగడం. ఆమె అందరికన్నా ముందు తలూపింది.

ఆ శుక్రవారం నమాజు కాగానే ఊరంతా కొండెక్కింది. పచ్చగుడ్డ కప్పిన, శవాల్ని మోసే జనాజా పెట్టెను నలుగురు మోసుకొచ్చారు. గోధుమలూ మాంసమూ దంచి ఉడికించే కెష్కెక్ రెండు పెద్ద డేగిశాల్లో ఉడుకుతోంది. హసీబె పచ్చటి తలగుడ్డతో, పెళ్ళికొడుకు తల్లిలాగా సమాధి తలాపున నిలబడింది. నెర్గిస్ ఆమె పావడా పట్టుకుని ఉంది. పెంకులు కడిగేవాళ్ళను దూరంగా నిలబెట్టారు, షెరిఫెను ఇంకా దూరంగా.

కూలీలు రాయిని లేపి పక్కన ఆనించారు. దాని కింద ఇటుకలు పేర్చిన చిన్న గుంట. ఇమాం చేతులెత్తి దువా మొదలుపెట్టాడు. ముఅల్లా గారు మోకాళ్ళ మీద వంగి బ్రష్షుతో మట్టి తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయారు. ఇమాం కూడా గుంటలోకి చూసి, దువా మధ్యలో ఆపేశాడు.

"ఇదేంటమ్మా ఇలా ఉంది?" అన్నాడు దుర్సున్. "పుర్రెకి మూతి ముందుకొచ్చిందేంటి?"

ముఅల్లా గారు లేచి చేతులు దులుపుకున్నారు. "ఇది కుక్కండీ. ఇదిగో, మెడ దగ్గర ఇత్తడి పట్టెడ. ఇది దాని గిన్నె. ఎవరో ఉన్నవాళ్ళింటి పెంపుడుకుక్క."

కెష్కెక్ కుతకుతమనడం ఒక్కటే వినిపించింది. అప్పుడు గుంపు వెనకనుంచి ఎవడో సన్నగా భౌ అన్నాడు.

అంతే, కట్ట తెగింది.

"ఏం హసీబె అత్తా! ఇన్నేళ్ళూ మాచేత కుక్కకి దీపాలు పెట్టించావా?"

"నా పెళ్ళాం కొడుకు కోసం ఆ మట్టి తిందిరా!"

"అందుకేరా నీ కొడుకు కనిపించినవాణ్ణల్లా కరుస్తాడు!"

"అత్తా, తాతకి రోజూ పాలు పోసేదానివే, ఎముక వెయ్యలేదేం?"

అన్నవాడు ఊరికే అనలేదు. డేగిశాలో గరిటె పెట్టి ఒక ఎముక తీసి హసీబె కాళ్ళ ముందుకు విసిరాడు. "ఇదిగో, పెట్టు మీ తాతకి!" పిల్లలు చుట్టూ చేరి మొరిగారు. నిన్నటిదాకా ఆమె చెయ్యి కళ్ళకద్దుకున్న ఆడవాళ్ళే పచ్చటి తలగుడ్డ లాగి పారేశారు. పలచటి తెల్లజుట్టుతో ముసలామె, కాళ్ళ దగ్గర ఎముకతో అలాగే నిలబడింది. నెర్గిస్ భయపడి ఏడుపు లంకించుకుంది.

షెరిఫెకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే అబద్ధం. కడుపులో ఆరేళ్ళుగా మండుతున్నదేదో చల్లబడింది, అంత సంతోషం ఆమె పెళ్ళిలో కూడా ఎరగదు. గుంపును తోసుకుంటూ ముందుకొచ్చి చెయ్యి పైకెత్తింది.

"దుర్సున్ మామా! ఈ చెయ్యి వంచిందెవరు? ఈ కుక్కేనా? దీని మాట నమ్మా నా బిడ్డని లాక్కున్నారు? చెప్పండి! ఇప్పుడు మొరుగుతున్నారే, ఆరోజు నోళ్ళేమయ్యాయి?"

దుర్సున్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "నిజమేనమ్మా. నీకు అన్యాయం జరిగింది" అన్నాడు. "ఒరే జాఫరూ, పిల్లని తల్లి దగ్గరికి పంపరా."

జాఫర్ నేల చూశాడు. అతని రెండో పెళ్ళాం మాత్రం సవతికూతురి పీడ విరగడవుతుందంటే క్షణం ఆలస్యం చెయ్యలేదు. "పంపరాదూ? కన్నతల్లి కదా!" అంటూ నెర్గిస్‌ను రెక్క పట్టుకుని తెచ్చి నిలబెట్టింది. షెరిఫె పిల్ల తలమీద చెయ్యి వేసింది. పిల్ల వెక్కుతోంది గాని తప్పించుకోలేదు. కొంచెం సేపటికి తల్లి నడుముకు ఒదిగి, ముక్కు ఆమె పావడాకే తుడుచుకుంది.

అక్కడితో పిల్లను తీసుకుని కొండ దిగిపోతే ఎవరూ ఆపేవాళ్ళు కాదు. దిగలేదు. ఏళ్ళ తరబడి నోరు మూసుకున్నవాళ్ళకు ఒకసారి తెరవడం వచ్చాక మళ్ళీ మూయడం రాదు. గెలిస్తే చాలదనిపించింది ఆమెకు. అత్త చెవులారా వినాలి, అందరూ వినాలి.

"అమ్మగారూ! ఆ రాయి మీద ఏముందో గట్టిగా చదవండి. ఇన్నాళ్ళూ దేన్ని ముద్దుపెట్టుకున్నారో తెలుసుకోనివ్వండి వీళ్ళని."

ముఅల్లా గారికి ఇంతకన్నా కావలసిందేముంది? రాయి మీద నీళ్ళు చల్లి, బ్రష్షుతో రుద్ది, వేలు పెట్టి ఒక్కో వరసా చెప్పారు.

"ఇక్కడ పడుకున్నది మీయా, చిట్టికుక్క. దీని యజమానురాలు పౌలా ఏడుస్తూ ఈ రాయి పెట్టించింది."

"అయ్యో, ఏడ్చిందట!" అని ఎవరో నవ్వారు.

"అమ్మగారి ఒళ్ళోనే తినేది, అమ్మగారి ఒళ్ళోనే నిద్రపోయేది."

"మన అత్తకన్నా అదే నయం! కోడల్ని పీక్కు తినలేదు!"

షెరిఫె అందరికన్నా గట్టిగా నవ్వింది. ముఅల్లా గారు ఆఖరి వరస మీద మట్టి గోకి, తల వంచి చూసి, చదివారు.

"రాత్రీ పగలూ గుమ్మం కాసింది. తప్పు చెయ్యనివాళ్ళను ఏనాడూ కరవలేదు."

హసీబె తల పైకి లేచింది.

"ఏమన్నారమ్మా? ఆ చివరిది మళ్ళీ చదవండి."

ముఅల్లా గారు చదువుకున్న మనిషి, పాపం, ఆ చదువులో ఈ లోయ లేదు. మళ్ళీ చదివారు, ఇంకొంచెం గట్టిగా, ఇంకొంచెం ముచ్చటగా.

"విన్నారా?" ముసలామె కాళ్ళ దగ్గరి ఎముకను తన్ని గుంపులోకి వచ్చింది. "విన్నారటయ్యా? ఇది నేను రాయించానా? నేను పుట్టకముందు, నా ముత్తాత పుట్టకముందు రాసింది! తప్పు చెయ్యనివాళ్ళని కరవదట!" షెరిఫె మణికట్టు పట్టుకుని పైకెత్తింది, ఆరోజు కాఫీకొట్టు దగ్గర ఎత్తినట్టే. "చూడండి మరి. కరిచిందా లేదా?"

గుంపులో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. దుర్సున్ టోపీ తలమీద పెట్టుకున్నాడు. అతని అక్రోటు తోట అన్నదమ్ముల తగువులో ఈ రాతిమీది ప్రమాణంతోనే అతనికి దక్కింది. అలా దక్కినవి, పోయినవి అక్కడ ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. తాత పోతే అవన్నీ తిరగదోడాలి. ఒక ఆడదాని చెయ్యి వంకరగా ఉంటే ఎవరి కొంపా మునగదు.

"కుక్కయితేనేం?" అన్నాడు ఇమాం, డేగిశాల వైపు ఒక కన్నేసి. "మన గ్రంథంలో, గుహలో ఏళ్ళ తరబడి నిద్రపోయిన ఆ పుణ్యాత్ముల వెంట ఉన్న కిత్మీర్ కుక్క కాదూ? స్వర్గానికి పోలేదూ?"

"పోయింది! పోయింది!" అన్నారు నలుగురైదుగురు, గొంతులో ప్రాణం లేచొచ్చినట్టు.

"అది మామూలు మాటండీ!" అన్నారు ముఅల్లా గారు, అప్పటికి ఏదో తప్పు జరిగిందని అర్థమై. "పెంచుకున్న కుక్క చచ్చిపోతే ముద్దుగా అలా రాయించుకుంటారు, అంతే!" ఆమె మాట ఎవరూ వినిపించుకోలేదు. ఆమె పని చదవడం, అది అయిపోయింది.

"పొగాకు సూది!" షెరిఫె గొంతు చీరుకుపోయింది. "సూది గుచ్చుకుందయ్యా! అందరికీ తెలుసు! అత్తే ఆకులు పోసింది!"

"ఊళ్ళో ఇంతమంది దండలు గుచ్చుతారు" అంది హసీబె నెమ్మదిగా. ఎవరో పచ్చటి తలగుడ్డ దులిపి అందిస్తే కట్టుకుంటూ అంది. "ఆ సూదికి నీ చెయ్యే ఎందుకు దొరికిందే? సరే, నేను చెడ్డదాన్ని. నా మాట వద్దు. రాయి ఇక్కడే ఉంది, జనం ఇక్కడే ఉన్నారు. ఆ చెయ్యి పోయింది, రెండోది బాగానే ఉందిగా? పెట్టు. వాడి మొహం చూసి నవ్వనైనా నవ్వలేదని చెప్పు. పెట్టి నీ కూతుర్ని తీసుకుపో. నేను అడ్డమొస్తే నన్నీ గుంటలోనే పాతెయ్యండి."

"న్యాయంగానే ఉంది" అన్నాడు దుర్సున్.

షెరిఫె రాయి ముందుకు వచ్చింది. కడిగిన రాయి ఎండలో తెల్లగా మెరుస్తోంది. కింద గుంటలో కుక్క ఎముకలు, పట్టెడ, గిన్నె, కళ్ళెదుటే ఉన్నాయి. అది కుక్క అని ఆమెకు తెలుసు. సూది సంగతి తెలుసు. ఆమె ఎడమచెయ్యి చాచింది. చెయ్యి రాతికి బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

నవ్వింది కదా. నిజంగా నవ్వింది. వాడన్న మాట ఇప్పుడు గుర్తులేదు గాని, నవ్వినప్పుడు ఒంట్లో పుట్టిన తేలికదనం గుర్తుంది. ఈ చెయ్యి కూడా పోతే పెంకులెవరు కడుగుతారు, రొట్టె ఎవరు కాలుస్తారు, పిల్లకు జడ ఎవరు వేస్తారు? పెట్టు, కుక్కే కదా, పెట్టు అని తనకు తానే చెప్పుకుంది. చెయ్యి వినలేదు. మోచేతి దాకా చెమట కారింది. ఊరంతా ఆ బెత్తెడు ఖాళీనే చూస్తోంది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఎవరూ అరవలేదు, మొరగలేదు. ఇంతేనన్నట్టు తలో దిక్కుకు కదిలారు. డేగిశాల మూతలు తీశారు. ముఅల్లా గారు వద్దు వద్దంటుంటే వినకుండా, పెట్టె మోసుకొచ్చినవాళ్ళు ఎముకలను పచ్చగుడ్డలో పోగుచేసి పెట్టెలోకి ఎత్తారు. ఇమాం ఆగిన చోటినుంచి దువా మళ్ళీ అందుకున్నాడు.

నెర్గిస్ ఇంకా తల్లి పక్కనే ఉంది. షెరిఫె వంకరచెయ్యి పిల్ల భుజం మీద ఉంది. పిల్ల ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టింది. భయంతో కాదు, ఎవరిదో వస్తువు జాగ్రత్తగా తిరిగి ఇచ్చేసినట్టు.

"పెట్టుంటే వచ్చేదాన్ని" అంది. వెళ్ళి నానమ్మ పక్కన నిలబడింది.